ఇనుప కొండలో ఫెర్న్ చెట్లు

విశాఖపట్నం నుంచి అరకు రైలెక్కిన వారికి ఎదురుగా వచ్చే గూడ్సు బండ్లు పరిచయమే. వాటి నిండా ఎర్రగా కనిపించేది ఇనుప ఖనిజం. అది వచ్చేది బస్తర్‌లోని బైలాడిల్లా కొండల నుంచి. దూరానికి ఎద్దు మూపురంలా కనబడతాయి కనుక వాటికాపేరు. ఆ కొండల్లోనే గల్లీ నాలా అనే వాగు వెంట చెట్టులా పెరిగే ఫెర్న్‌లున్నాయని మీకు తెలుసా?

ఫెర్న్ అనగానే పాత బావుల గోడల మీద మొలిచే చిన్న మొక్కలు గుర్తుకొస్తాయి. సయాథియా కుటుంబానికి చెందిన వీటికి మాత్రం మాను ఉంటుంది, పైన కొబ్బరిచెట్టుకు మల్లే ఆకుల గొడుగు. అయితే ఆ మానులో చేవ ఉండదు. చుట్టూ అల్లుకున్న వేళ్ళే దానికి బలం. డైనోసార్లు తిరిగిన జురాసిక్ యుగం నాటికే వీటి వంశం భూమి మీద ఉంది.

వీటికి పువ్వు లేదు, విత్తనమూ లేదు. ఆకుల అడుగున పుట్టే సిద్ధబీజాలు ధూళిలా గాలికి ఎగురుతాయి. తడి నేల మీద పడిన సిద్ధబీజం ముందుగా గోరంత పచ్చని రేకుగా మొలుస్తుంది. దీన్నే ప్రోథాలస్ అంటారు. దాని మీద ఏర్పడిన పురుష బీజకణం నీటి పొరలో ఈదుకుంటూ వెళ్ళి అండాన్ని చేరాలి. ఆ కాస్త నీరు లేకపోతే తరువాతి తరం లేదు! అందుకే నీడగా ఉండి, వేసవిలోనూ తడి ఆరని లోయలే వీటికి ఇల్లు. సిద్ధబీజాలు ఎంత దూరమైనా ఎగరవచ్చు, దిగడానికి చోటుండాలి గదా.

మరి వేసవిలో లోయకు నీరెక్కడిది? పై కొండదే. ఇనుప రాతి పగుళ్ళలో ఇంకిన వాననీరు మెల్లగా ఊటలై దిగుతుంది. ఆ రాయి కోసమే మనుషులూ వచ్చారు. 1899లో భూగర్భ శాస్త్రజ్ఞుడు పి.ఎన్.బోస్ ఇక్కడి ఖనిజాన్ని గమనించారు. 1930లలో క్రూక్‌షాంక్ పటాలు గీశారు. ఖనిజమున్న చోట్లకు 1 నుంచి 14 వరకు అంకెలు పడ్డాయి. ఏటా 40 లక్షల టన్నులు జపాన్ ఉక్కు మిల్లులకు పంపేందుకు 1960లో ఒప్పందం కుదిరింది. మన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేసింది అందుకే. 1968లో 14వ నిక్షేపంలో తవ్వకం మొదలైంది. కొండ కింది శంఖిని నది ఖనిజపు బురదతో ఎర్రబారింది.

సయాథియా కుటుంబపు మొక్కల అంతర్జాతీయ వ్యాపారం మీద సైటిస్ ఒప్పందం ఆంక్షలు పెట్టింది. మంచిదే. కాని మొక్కను పెకలించి దేశం దాటిస్తే అడ్డుపడే ఆ ఒప్పందానికి, దాని పైనున్న కొండను తవ్వితే పట్టదు.

ఇక ఆ అంకెల సంగతి. పటంలో 13వ నిక్షేపమైనది అక్కడి ఆదివాసులకు నందరాజ్, అంటే దేవుడి కొండ. 2019 జూన్‌లో వేలాది మంది ఊళ్ళ నుంచి నడిచి వచ్చి, ఆ కొండను తవ్వవద్దంటూ కిరండూల్‌లో రోజుల తరబడి బైఠాయించారు. తవ్వకానికి గ్రామసభ ఇచ్చిందంటున్న అనుమతి బూటకమన్నారు. రాష్ట్ర ప్రభుత్వం పనులు ఆపించి, ఆ గ్రామసభపై విచారణకు ఆదేశించింది.