మధుమేహంలో కొవ్వు కాలేయం

మద్యపానం కారణం కాకుండా, జీవక్రియలోని లోపాల వలన కాలేయంలో కొవ్వు పేరుకొనిపోవడాన్ని కొవ్వు కాలేయ వ్యాధి అంటారు. నూటికి ఐదు కంటే ఎక్కువ కాలేయ కణాలలో కొవ్వు కనిపిస్తే దీనిని వ్యాధిగా లెక్కిస్తారు. 2వ రకం మధుమేహం ఉన్నవారిలో సగానికి పైగా ఈ వ్యాధి ఉంటుంది. 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన లుడ్విగ్ బృందం, మద్యం ముట్టనివారి కాలేయంలోనూ తాగుడు వలన కలిగే మార్పులే ఉన్నట్లు వర్ణించింది. "మద్యపానేతర" అనే పాత పేరు ఈ జబ్బు ఏది కాదో మాత్రమే చెప్పేది. 2023లో అంతర్జాతీయ వైద్య సంఘాలు దానిని మార్చి, జీవక్రియను సూచించే పేరు పెట్టాయి.

కారణాలు

దీనికి మూలం ఇన్సులిన్ నిరోధకత. మామూలుగా ఇన్సులిన్ కొవ్వు కణజాలం కరగకుండా ఆపుతుంది, కాలేయం చక్కెర తయారు చేయడాన్ని కూడా అదుపులో ఉంచుతుంది. నిరోధకత ఏర్పడినపుడు ఈ రెండు పనులూ కుంటుపడతాయి. పొట్ట కొవ్వు నుండి కొవ్వు ఆమ్లాలు కాలేయానికి చేరుతాయి. చక్కెర ఉత్పత్తి ఆగదు, కాని ఇన్సులిన్ ప్రేరణతో కొవ్వు తయారీ మాత్రం యథావిధిగా సాగుతుంది. రాత్రి మితంగా తిన్నా ఉదయం పరగడుపున చక్కెర ఎక్కువగా ఉండడానికి ఇది ఒక కారణం. కాలేయం ఎగుమతి చేసే కొవ్వు వలన రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి.

నడుము కొలత, ట్రైగ్లిజరైడ్లు, రక్తపోటు, పరగడుపు చక్కెర ఎక్కువగా ఉండడం, మంచి కొలెస్టరాల్ తగ్గడం - ఈ ఐదింటిలో మూడు ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. 1988లో జెరాల్డ్ రీవెన్ ఇటువంటి లక్షణాల కూటమిని "సిండ్రోమ్ ఎక్స్" అన్నాడు. దక్షిణాసియా వారికి నడుము హద్దు పురుషులలో 90, స్త్రీలలో 80 సెంటీమీటర్లు. సన్నగా కనిపిస్తూ పొట్ట మాత్రం ఉన్నవారు కూడా దీనికి మినహాయింపు కాదు.

గుర్తింపు

సాధారణంగా ఏ లక్షణాలూ ఉండవు. ఎ.ఎల్.టి. పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన కాలేయం బాగున్నట్లు కాదు. వయస్సు, రెండు ఎంజైములు, ప్లేట్‌లెట్ల సంఖ్యతో లెక్కగట్టే ఫిబ్-4 సూచిక 1.3 దాటితే (65 ఏళ్ళు దాటినవారిలో 2.0) కాలేయపు గట్టిదనాన్ని ఎలాస్టోగ్రఫీతో కొలుస్తారు. కొవ్వు కంటే మచ్చకట్టడమే ప్రమాదకరం, ఎందుకంటే సిర్రోసిస్, కాన్సర్లకు దారి అదే. అయితే ఈ రోగులలో ఎక్కువ మరణాలకు కారణం గుండె జబ్బులు.

చికిత్స

శరీర బరువులో 5 శాతం తగ్గితే కాలేయపు కొవ్వు తగ్గుతుంది, 10 శాతం తగ్గితే మచ్చ కూడా తగ్గే అవకాశం ఉంది. మెట్‌ఫార్మిన్ చక్కెరను తగ్గించినా కాలేయపు మచ్చను మార్చదు. పయోగ్లిటజోన్ కొంత మేలు చేస్తుంది. అమెరికాలో 2024లో రెస్మెటిరోమ్, 2025లో సెమాగ్లుటైడ్ మచ్చకట్టిన దశకు అనుమతి పొందాయి. కాలేయానికి చేటని భయపడి స్టాటిన్లు మానివేయడం పొరపాటు, గుండె రక్షణకు అవి అవసరం. భయపడవలసినది మోతాదు తెలియని మూలికల విషయంలో: తిప్పతీగ వాడినవారికి కాలేయ వాపు వచ్చిన సందర్భాలను 2021లో ముంబై వైద్యులు ప్రచురించారు.

భారత ప్రభుత్వం 2021లో ఈ వ్యాధిని అసాంక్రామిక వ్యాధుల నివారణకై ఉన్న జాతీయ కార్యక్రమంలో చేర్చింది.