నానో వాహకాలు (క్యాన్సర్ చికిత్స)

క్యాన్సర్ మందును కణితి దాకా మోసుకెళ్లే అతిసూక్ష్మ తిత్తులు, గోళాలు. అనంతపురం చీనీ తోటలో కాలువ నీటికీ, చెట్టు మొదట్లో పడే డ్రిప్ చుక్కకూ ఉన్న తేడా వంటిదే మామూలు కీమోథెరపీకీ వీటికీ ఉన్న తేడా. డ్రిప్‌కున్నంత గురి మాత్రం వీటికింకా కుదరలేదు: జంతు ప్రయోగాలపై 2016లో వచ్చిన విశ్లేషణ ప్రకారం కణితికి చేరింది మోతాదులో మధ్యస్థంగా 0.7 శాతమే. కణితి రక్తనాళాల గోడల్లో సందులెక్కువ. వాహకాలు ఆ సందుల గుండా లోపలికి జారగలవు. అమెరికాలో 1995లో ఆమోదం పొందిన డాక్సిల్ కొవ్వు తిత్తిలో ఇమిడ్చిన డాక్సోరూబిసిన్ అనే కీమో మందు. అలా ఇమడ్చడంతో ఆ మందు వల్ల గుండెకు కలిగే ముప్పు తగ్గింది. కొన్ని క్యాన్సర్ కణాలకు ఫోలిక్ ఆమ్లం ఆకలి ఎక్కువ గనుక, దాన్ని ఎరగా వాహకం పైపొరకు తగిలించే ప్రయోగాలూ జరిగాయి. ఆ ఆకలినే దెబ్బతీసే అమినోప్టెరిన్ అనే మందు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారీ. పిల్లల లుకేమియాపై దాని ఫలితాలను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు.