మీటర్ విప్పితే ఏముంటుంది? ఎలక్ట్రిక్ సైకిల్ డిస్‌ప్లే వెనక 130 ఏళ్ల కథ

"అన్నా, ఈ-బైక్ డిస్‌ప్లే విప్పి స్పీడ్ లిమిట్ తీసేయొచ్చా?" అని ఈమధ్య నన్ను చాలామంది అడిగారు. ఒక్క ముక్కలో చెప్పాలంటే, కొన్ని మోడల్స్‌లో తీసేయొచ్చు. అయితే హ్యాండిల్ మీద కూర్చున్న ఆ చిన్న డబ్బాకి పెద్ద హిస్టరీ ఉంది. అది తెలిస్తే, స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఏం ఆలోచించాలో మీకే అర్థమవుతుంది.

కథ 1895లో మొదలవుతుంది. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్లో కర్టిస్ వీడర్ అనే ఇంజనీర్ సైక్లోమీటర్ తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. చాలా సింపుల్ వస్తువు. చక్రం పుల్లకి ఒక చిన్న కొక్కెం ఉంటుంది. చక్రం ఒక చుట్టు తిరిగిన ప్రతిసారీ అది మీటర్‌లోని పళ్ల చక్రాన్ని ఒక పన్ను ముందుకు నెడుతుంది. లోపల గేర్లు ఆ చుట్లని మైళ్లుగా మార్చి అంకెల్లో చూపిస్తాయి. అంతే.

ఇక్కడ ఒక విషయం పట్టుకోండి, ఎపిసోడ్ మొత్తం దీని మీదే నడుస్తుంది. మీటర్‌కి రోడ్డు కనిపించదు. దానికి తెలిసింది చుట్లు లెక్కపెట్టడమే. చక్రం ఎంత పెద్దదో మనమే చెప్పాలి. తప్పు చెప్తే, మీటర్ ఆ తప్పునే నమ్ముతుంది. తమాషా ఏంటంటే, అదే 1895 డిసెంబర్ 31న ఆగ్డెన్ బోల్టన్ అనే అమెరికన్‌కి వెనక చక్రంలోనే మోటార్ ఉన్న సైకిల్ మీద పేటెంట్ వచ్చింది. అంటే మీటర్, మోటార్ రెండూ ఒకే కాలంలో పుట్టాయి. కానీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి దాదాపు వందేళ్లు పట్టింది.

1980లలో జపాన్ కంపెనీ క్యాట్‌ఐ లాంటివి ఎలక్ట్రానిక్ సైకిల్ మీటర్లు తెచ్చాయి. కొక్కెం పోయి, పుల్లకి అయస్కాంతం, ఫోర్క్‌కి సెన్సర్ వచ్చాయి. చక్రం చుట్టుకొలతని బటన్లు నొక్కి ఎంటర్ చేయాలి. అప్పటికీ మీటర్ ఒక సాక్షి మాత్రమే. జరిగింది చెప్తుంది, బండిని ఆపదు.

1993లో యమహా జపాన్‌లో పాస్ అనే సైకిల్ తెచ్చింది. తొక్కేవాడి బలానికి మోటార్ బలం తోడయ్యే పద్ధతి దాంతోనే మార్కెట్లోకి వచ్చింది. గంటకి 15 కిలోమీటర్ల దాకా మన బలానికి సమానంగా సాయం, ఆ తర్వాత తగ్గుతూ 24 దగ్గర సున్నా. యూరప్ 250 వాట్లు, 25 కిలోమీటర్ల హద్దు పెట్టుకుంది. మన దేశంలో కూడా సెంట్రల్ మోటార్ వెహికల్ రూల్స్ దాదాపు ఇదే గీత గీశాయి. ఆ గీత లోపలున్న బండికి లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు మలుపు. ఈ హద్దుని బండిలో ఎవరు కాపలా కాయాలి? చాలా చైనా కిట్లలో ఆ పని డిస్‌ప్లేకి వెళ్లింది. ఉదాహరణకి కేటీ-ఎల్‌సీడీ3 అనే డిస్‌ప్లే చూడండి, ప్రపంచమంతా అమ్ముడైన మోడల్. దానికి ఐదు వైర్లు. ఒకదాంట్లో బ్యాటరీ కరెంట్ నేరుగా లోపలికొస్తుంది. ఆన్ బటన్ నొక్కితే డిస్‌ప్లే దాన్ని ఇంకో వైర్లో కంట్రోలర్‌కి పంపి నిద్రలేపుతుంది. మూడోది గ్రౌండ్. మిగిలిన రెండూ మాటలకి. చక్రం సైజు ఎంత, లిమిట్ ఎంత, ఎంత సాయం కావాలి, ఇవన్నీ డిస్‌ప్లేనే చెప్తుంది. సాక్షి కాస్తా బాస్ అయిపోయాడు!

మరి బాస్‌కి అబద్ధం చెప్తే? 26 అంగుళాల చక్రం ఉన్న బండిలో 20 అని సెట్ చేశారనుకోండి. స్క్రీన్ మీద 25 కనిపిస్తున్నప్పుడు రోడ్డు మీద మీరు నిజంగా పోయేది 32.5. విప్పకుండానే జరిగే మోసం ఇది. 1895 నాటి బలహీనతే, కొత్తదేం కాదు.

2017 ప్రాంతంలో కొందరు హాబీ ప్రోగ్రామర్లు ఇంకో అడుగు వేశారు. డిస్‌ప్లే వెనక స్క్రూలు విప్పి, లోపలున్న ఎస్‌టీఎం8 చిప్‌కి నాలుగు సన్నని వైర్లు సోల్డర్ చేసి, సొంతంగా రాసిన సాఫ్ట్‌వేర్ ఎక్కించారు. కోడ్ అందరికీ ఫ్రీగా ఇచ్చారు. వాళ్లలో చాలామందికి కావాల్సింది స్పీడ్ కాదు. మోటార్ సాఫీగా నడవడం, బ్యాటరీ లెక్క నిజంగా చూపించడం, కంపెనీ పట్టించుకోని లోపాలు సరిచేసుకోవడం.

కానీ ఆ పనికి వెనక్కి దారి లేదు. చిప్‌లోని కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి తాళం ఉంటుంది. ఆ తాళం తీస్తే పాతదంతా చెరిగిపోతుంది. ముందే కాపీ తీసుకుందామంటే కుదరదు. ఇంకో ప్రమాదం, 48 వోల్టుల బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో 54.6 వోల్టులు ఉంటుంది. విప్పిన బోర్డు మీద ఆ వైరు జారి మాటల వైరుకి తగిలితే, డిస్‌ప్లేతో పాటు కంట్రోలర్ కూడా పోవచ్చు. అందుకే తెలిసినవాళ్లు ముందు బ్యాటరీ పీకేస్తారు, ఆ తర్వాతే మూత తీస్తారు.

చట్టాలు కూడా మేల్కొన్నాయి. 2015లో కాలిఫోర్నియా చేసిన చట్టం, స్పీడ్ మార్చితే బండి మీద లేబుల్ కూడా మార్చాలంది. అంటే, మార్చుకో, కానీ దాచొద్దు. ఫ్రాన్స్ 2019లో చాలా గట్టిగా వెళ్లింది, ఏడాది జైలు, 30,000 యూరోల జరిమానా దాకా పెట్టింది. 2020 మోడల్స్ నుంచి బాష్ మోటార్లు అబద్ధాన్ని అవే పసిగట్టి, స్క్రీన్ మీద ఎర్రర్ చూపించి, సాయం తగ్గించేస్తున్నాయి. బాస్ పని డిస్‌ప్లే నుంచి మళ్లీ మోటార్‌కి పోయింది.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. మనం డబ్బు పెట్టి కొన్న వస్తువుని విప్పే హక్కు మనకుండాలి. నీళ్లు చేరి స్క్రీన్ మసకబారితేనో, కనెక్టర్ తుప్పు పడితేనో, కంపెనీ మూతపడి విడిభాగం దొరక్కపోతేనో, మొత్తం బండి పారేయమనడం న్యాయం కాదు. రిపేర్ కోసం విప్పడం నా దృష్టిలో తప్పే కాదు.

కానీ స్పీడ్ సంగతి వేరు. 25 నుంచి 35కి వెళ్తే పెరిగింది పదే కదా అనిపిస్తుంది. గుద్దుకునే శక్తి మాత్రం దాదాపు రెట్టింపవుతుంది, బ్రేకులు మాత్రం పాతవే. పైగా 25 దాటిన క్షణం మన రూల్స్ లెక్కలో అది సైకిల్ కాదు, మోటార్ వాహనం. లైసెన్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అన్నీ కావాలి. అవేవీ లేకుండా సందు మలుపులో ఒక ముసలాయన్ని గుద్దితే, ఆయన ఆసుపత్రి ఖర్చు ఇచ్చే ఇన్సూరెన్స్ కంపెనీ ఉండదు. ఆ రోజు మీ స్క్రీన్ మీద 25 అనే ఉండొచ్చు. కానీ ఆయనకి తగిలిన దెబ్బ 32.5ది.

కాబట్టి ఫ్రెండ్స్, విప్పండి, నేర్చుకోండి, బాగుచేసుకోండి. మీటర్‌కి మాత్రం నిజం చెప్పండి. పాపం, దానికి రోడ్డు కనిపించదు. కనిపించేది మనకే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.