ప్రజాప్రయోజనంలో ప్రజలెవరు? జాక్సన్ నుంచి కామ్‌కాస్ట్ దాకా

(తీగ ఎవరిది, మాట ఎవరిది – 6వ భాగం)

2015 ఏప్రిల్ 24న అమెరికాలో అతిపెద్ద కేబుల్ కంపెనీ కామ్‌కాస్ట్, రెండో పెద్ద కంపెనీ టైమ్ వార్నర్ కేబుల్‌ని కొనే ప్రయత్నం మానుకుంది. 14 నెలలు నడిచిన వ్యవహారమది. బేరం విలువ 4,500 కోట్ల డాలర్ల పైమాటే. వాషింగ్టన్‌లో అంత పలుకుబడి ఉన్న కంపెనీ వెనక్కి తగ్గుతుందని మొదట్లో ఎక్కువమంది అనుకోలేదు.

ఎందుకు తగ్గిందంటే మామూలుగా మూడు కారణాలు చెబుతారు. బిల్లులతో, కస్టమర్ కేర్‌తో విసిగిపోయిన జనం. నెట్‌ఫ్లిక్స్, డిష్ లాంటి వ్యాపార ప్రత్యర్థులు. చివరికి గట్టిగా నిలబడ్డ ప్రభుత్వ సంస్థలు. మూడూ నిజమే. కానీ ఈ మూడింటి వెనక ఇంకో ప్రశ్న ఉంది. రెండు కంపెనీలు బేరం కుదుర్చుకుంటుంటే, వాటిలో ఒక్క వాటా కూడా లేని మామూలు మనిషి "ఇది మాకు వద్దు" అని ప్రభుత్వం ముందు నిలబడే హక్కు ఎక్కడిది?

ఆ హక్కు మిసిసిపీ రాష్ట్రం జాక్సన్ పట్నంలో నల్లజాతి వాళ్ళు కొట్లాడి తెచ్చింది. ఈ సంగతి విలీనాల చరిత్ర రాసేవాళ్ళు చాలామంది రాయరు. 1946లో డుబోయిస్‌కి ఉత్తరం రాసి, నల్లజాతి వాళ్ళు ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న విజ్ఞప్తి ప్రతి కావాలని అడిగిన అంబేడ్కర్ వారసులం కాబట్టి మనం రాసుకోవాలి.

జాక్సన్‌లో డబ్ల్యూఎల్‌బీటీ అనే టీవీ స్టేషన్ ఉండేది. అది చూసే ప్రాంతంలో సుమారు 45 శాతం నల్లజాతి జనం. స్టేషన్ మాత్రం తెల్ల ఆధిపత్యవాదుల గొంతు. 1955లో ఎన్‌బీసీ కార్యక్రమంలో ఎన్‌ఏఏసీపీ న్యాయవాది థర్‌గుడ్ మార్షల్ మాట్లాడుతుంటే ఆ ప్రసారం ఆపేసి, తెర మీద "సారీ, కేబుల్ ట్రబుల్" అని బోర్డు వేశారు. ఇప్పటి కేబుల్ టీవీ కాదది, న్యూయార్క్ నుంచి కార్యక్రమాన్ని మోసుకొచ్చే లైను. ఆ లైనుకి ఏ రోగమూ లేదు. నల్లవాడు చదువుకున్న మాట మాట్లాడుతున్నాడు, అదే రోగం.

1920లో 'మూక్‌నాయక్' వస్తోందని ప్రకటన వేయండి, డబ్బు కడతాం అన్నా తిలక్ పెట్టిన 'కేసరి' వేసుకోలేదు. పత్రికైనా, తీగైనా, తలుపు ఎవరి చేతిలో ఉంటే గడియ వాళ్ళదే.

రెవరెండ్ రాబర్ట్ ఎల్. టి. స్మిత్ 1962లో అమెరికన్ కాంగ్రెస్‌కి పోటీ చేస్తూ, డబ్బులిస్తాను సమయమివ్వండి అంటే స్టేషన్ మొరాయించింది. 1963 మేలో జాక్సన్ మేయర్ టీవీలో మాట్లాడాక, ఎన్నో ఫిర్యాదుల తర్వాత మెడ్గర్ ఎవర్స్‌కి జవాబు చెప్పే అవకాశం దొరికింది. ఆయన ముఖం ఊరందరికీ తెలిసింది. జూన్ 12న ఆయన్ని ఇంటి ముందే కాల్చి చంపారు.

1964 మార్చిలో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ అనే క్రైస్తవ సంఘం తరఫున రెవరెండ్ ఎవరెట్ పార్కర్ జాక్సన్‌లో రహస్యంగా కొందరు వాలంటీర్లను కూర్చోబెట్టి, వారం రోజుల ప్రసారాలన్నీ రికార్డు చేయించాడు. ప్రాణభయం వల్ల వాళ్ళ పేర్లు బయటపెట్టలేదు. ఆ రికార్డులతో పార్కర్ సంఘం, స్మిత్, ఎన్‌ఏఏసీపీ నాయకుడు ఏరన్ హెన్రీ కలిసి, స్టేషన్ లైసెన్సు పొడిగించొద్దని ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీకి పిటిషన్ పెట్టారు.

అందులో ఒక ఆరోపణ ప్రత్యేకంగా చూడండి. తెల్లవాళ్ళను మిస్టర్, మిసెస్ అని పిలిచే ఆ స్టేషన్ నల్లవాళ్ళకు ఆ మర్యాద ఇవ్వదు. దీన్ని మన పాఠకులకు విడమరచి చెప్పక్కర్లేదు. అరవై ఏళ్ళ పెద్దమనిషిని పట్టుకుని ఊళ్ళో పిల్లలు "ఏరా" అనడం విన్నవాళ్ళమే మనం. తెలుగు వ్యాకరణంలో 'గారు' గౌరవవాచకం. ఊళ్ళో అది ఆస్తి లెక్క, కొందరికే పట్టా ఉంటుంది.

ఎఫ్‌సీసీ ఏమంది? లైసెన్సు వ్యవహారంలో అభ్యంతరం చెప్పాలంటే నీకు ఆర్థిక నష్టమన్నా జరగాలి, నీ స్టేషన్ సిగ్నల్‌కి అడ్డమన్నా రావాలి. ఉత్త ప్రేక్షకుడికి అర్హత లేదు. అలా అని లైసెన్సు ఏడాది పొడిగించింది. అంటే చట్టంలో రాసిన 'ప్రజాప్రయోజనం' గురించి మాట్లాడే హక్కు వ్యాపారికి ఉంది, ప్రజలకు లేదు.

1966 మార్చిలో వాషింగ్టన్ అప్పీల్ కోర్టు ఈ వాదన కొట్టేసింది. వినేవాళ్ళకు, చూసేవాళ్ళకు కూడా అర్హత ఉందని తీర్పిచ్చింది. తీర్పు రాసిన వారెన్ బర్గర్ పెద్ద అభ్యుదయవాదేమీ కాదు, 1969లో నిక్సన్ ఏరికోరి ప్రధాన న్యాయమూర్తిని చేసిన మనిషి. అదే 1969లో కోర్టు రెండోసారి జోక్యం చేసుకుని లైసెన్సు పొడిగింపును రద్దు చేసింది. 1971లో స్టేషన్ నడిపే బాధ్యత నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు కలిసిన లాభాపేక్ష లేని సంస్థకు వచ్చింది. మరుసటి ఏడాది విలియం డిల్డే అనే నల్లజాతి వ్యక్తి దానికి జనరల్ మేనేజర్ అయ్యాడు.

ఈ తీర్పుతో పిటిషన్ జనం చేతిలో ఆయుధమైంది. ఆయుధం ఉన్న చోటుకి బేరం కూడా వస్తుంది. 1969లో టెక్సార్కానాలో స్థానిక నల్లజాతి సంఘాలు ఒక టీవీ స్టేషన్‌తో రాతపూర్వక ఒప్పందం చేసుకుని పిటిషన్ వెనక్కి తీసుకున్నాయి. 1970–71లో క్యాపిటల్ సిటీస్ కంపెనీ కొన్ని స్టేషన్లు కొనేటప్పుడు, అభ్యంతరాలు తప్పించుకోవడానికి అల్పసంఖ్యాక జాతుల కార్యక్రమాలకు మూడేళ్ళలో 10 లక్షల డాలర్లు పెడతానని ఒప్పుకుంది. చెడ్డ బేరాలేమీ కావు. కానీ అమ్మకం జరుగుతున్నప్పుడు అణగారినవాళ్ళ సంఘాలతో ముందే మాట్లాడుకోవాలని కంపెనీలు నేర్చుకున్నది ఈ కాలంలోనే.

నలభై ఏళ్ళ తర్వాత కామ్‌కాస్ట్ ఆ పాఠాన్ని బాగా వాడుకుంది. ఎన్‌బీసీ యూనివర్సల్‌ని కొనేటప్పుడు ఎన్‌ఏఏసీపీ, నేషనల్ అర్బన్ లీగ్, నేషనల్ యాక్షన్ నెట్‌వర్క్ లాంటి సంఘాలతో అవగాహనా పత్రాలు రాసుకుంది. నల్లజాతి వాళ్ళకు వాటా ఉన్న కొత్త చానళ్ళను పెట్టెలో చేర్చుతామంది. 2011 జనవరిలో ఎఫ్‌సీసీ 4–1 ఓట్లతో ఆమోదించింది. కాదన్న ఒక్కడు మైకేల్ కాప్స్. అవునన్న ఒక కమిషనరు నాలుగు నెలలకే కామ్‌కాస్ట్‌లో ఉద్యోగానికి కుదిరింది. అదే ఏడాది కంపెనీ పేద కుటుంబాలకు నెలకు 9.95 డాలర్ల ఇంటర్నెట్ పథకం పెట్టింది. 2014 ఫిబ్రవరిలో టైమ్ వార్నర్ బేరం ప్రకటించాక ఊరూరా చూపించిన మెడల్ అదే. కంపెనీ విరాళాలు అందుకున్న సంస్థలు విలీనానికి మద్దతు లేఖలు రాస్తున్నాయని అప్పటి పత్రికలు రాశాయి.

ఈసారి మాత్రం పేదల పేరు చెప్పి దాటిపోవడం కుదరలేదు. నేషనల్ హిస్పానిక్ మీడియా కోయలిషన్, సెంటర్ ఫర్ మీడియా జస్టిస్ లాంటి సంఘాలు వ్యతిరేకించిన పక్షాన నిలబడ్డాయి. ఫ్రీ ప్రెస్, పబ్లిక్ నాలెడ్జ్, కన్స్యూమర్స్ యూనియన్, టీవీ రచయితల సంఘం కలిశాయి. 2014 జులైలో కనెక్షన్ తీసేయమని వేడుకుంటున్న కస్టమర్‌ని కంపెనీ ఉద్యోగి వదలకుండా వేధించిన ఫోన్ రికార్డింగ్ దేశమంతా విన్నది, కంపెనీ క్షమాపణ చెప్పింది. అదే ఏడాది నెట్ న్యూట్రాలిటీ మీద ఎఫ్‌సీసీకి సుమారు 40 లక్షల అభిప్రాయాలు చేరాయి. 2015 జనవరిలో ఎఫ్‌సీసీ బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 25 ఎంబీపీఎస్ అని నిర్వచనం మార్చాక, ఆ వేగం ఉన్న కనెక్షన్లలో సగానికి పైగా ఒక్క కంపెనీ కిందకు వస్తాయని విమర్శకులు లెక్క చూపించారు. ఏప్రిల్‌లో బేరం కూలిపోయింది.

గెలుపు పూర్తిగా దక్కలేదు. 2016లో అదే టైమ్ వార్నర్ కేబుల్‌ని చార్టర్ కంపెనీ షరతులతో కొనుక్కుంది. బైరన్ అలెన్ అనే నల్లజాతి మీడియా యజమాని కామ్‌కాస్ట్ తన చానళ్ళను జాతి వివక్షతోనే తీసుకోవడం లేదని 1866 నాటి పౌరహక్కుల చట్టం కింద 2,000 కోట్ల డాలర్ల దావా వేశాడు. అవగాహనా పత్రాల మీద సంతకం పెట్టిన సంఘాలను కూడా మొదట అందులో ప్రతివాదులుగా చేర్చాడు. 2020 మార్చిలో సుప్రీంకోర్టు, జాతి కాకపోయి ఉంటే ఈ నష్టం జరిగేది కాదని మొదటి నుంచి చివరిదాకా వాదే చూపించాలంది. ఆ జూన్‌లో ఇద్దరూ రాజీపడ్డారు. "కులం వల్లే అని రుజువేది?" అనే మాట మన కోర్టుల్లో ఎన్నిసార్లు వినలేదు? ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(2)(v) లో ఉన్న "ఆ కులస్తుడన్న కారణంతో" అన్న మాటను "ఆ కులస్తుడని తెలిసి" అని మార్చుకోవడానికి 2016 దాకా పట్టింది.

ఇక మన దగ్గర. 2018 అక్టోబరులో రిలయన్స్ హాత్‌వే, డెన్ అనే రెండు పెద్ద కేబుల్ కంపెనీల్లో సగానికి మించి వాటా కొంటున్నట్టు ప్రకటించింది. 2019 జనవరిలో కాంపిటీషన్ కమిషన్ ఆమోదించింది. మన హాస్టళ్ళలో, మన పేటల్లో ఎంతమందికి ఈ ముక్క తెలుసు? కాంపిటీషన్ చట్టం 29వ సెక్షన్‌లో విలీనం వివరాలు ప్రచురించి ప్రజల అభ్యంతరాలు పిలిచే ఏర్పాటు ఉంది. కాకపోతే, పోటీకి నష్టమని కమిషన్‌కి ముందుగా అనిపిస్తేనే ఆ దశ వస్తుంది. చాలా విలీనాలు అక్కడిదాకా రాకుండానే దాటిపోతాయి. జాక్సన్ ప్రేక్షకుడికి 1966కి ముందు మూసిన తలుపు మనకి ఇంకా సగమే తెరిచి ఉంది.

పేదల పేరు వాడుకోవడం కూడా ఇక్కడ చూశాం. 2015 చివర్లో ఫేస్‌బుక్ ఫ్రీ బేసిక్స్‌ని పేదలకు ఉచిత ఇంటర్నెట్ అని ప్రచారం చేసింది. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి వివక్షా టారిఫ్‌లను నిషేధించింది. మంచి తీర్పే. కానీ ఆ చర్చలో రెండు వైపులా పేదల గురించి మాట్లాడినవాళ్ళే ఎక్కువ, పేటల నుంచి మాట్లాడినవాళ్ళు తక్కువ.

అందుకే విద్యార్థి మిత్రులకు, సంఘాల్లో పనిచేసే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నేను చెప్పేది మూడు ముక్కలు. రేపు ఏ కంపెనీ అయినా మన సంఘం మద్దతు లేఖ అడిగితే, ఒప్పందం మొత్తం తెలుగులో బయటపెట్టమనండి. మాకిచ్చే చానల్లో, పథకంలో మా ముఖమే ఉంటుందా, వాటా కూడా ఉంటుందా అని అడగండి. మాట తప్పితే ఎవరి దగ్గరికి పోవాలో అందులోనే రాయించండి. ఈ మూడూ లేని కాగితం మీద బాబాసాహెబ్ ఫోటో ఉన్నా సంతకం పెట్టొద్దు.

వచ్చే భాగంలో మన జిల్లాల్లో కేబుల్ ఆపరేటర్ వ్యవస్థ ఏ కులాల చేతుల్లో ఎలా పెరిగిందో మాట్లాడుకుందాం. మీ ఊళ్ళో మొదటి కేబుల్ డిష్ ఎవరింటి మీద పెట్టారో కామెంట్లో రాయండి.

జై భీమ్.