కమడోర్ 64 టెర్మినల్ ప్రోగ్రాములు

1982లో వచ్చిన కమడోర్ 64 హోమ్ కంప్యూటర్‌ను మోడెమ్ ద్వారా దూరపు కంప్యూటర్‌కు టెర్మినల్‌గా మార్చే సాఫ్ట్‌వేర్. సీసీజీఎంఎస్, నోవాటెర్మ్ వీటిలో పేరున్నవి. కొలంబియా విశ్వవిద్యాలయంలో పుట్టిన కెర్మిట్‌కూ ఈ యంత్రం మీద నడిచే రూపం ఉంది.

అసలు చిక్కు తెర దగ్గరే. వీటిలో కొన్ని అనుకరించేది డెక్ సంస్థ 1978లో తెచ్చిన వీటీ100 టెర్మినల్‌ను; దానిలో వరుసకు 80 అక్షరాలు. కమడోర్ తెరపై పట్టేవి 40. అందుకే కొన్ని ప్రోగ్రాములు 320 చుక్కల వెడల్పులో ఒక్కో అక్షరాన్ని 4 చుక్కల్లో ఇరికిస్తాయి. పాత టీవీ మీద దాన్ని చదవడం కళ్లకు శిక్షే. సంకేతాలూ వేరు: ఆస్కీలో 65 అంటే పెద్ద ‘ఏ’, కమడోర్ వాడే పెట్‌స్కీలో, చిన్న అక్షరాల మోడ్‌లో, అదే అంకెకు చిన్న ‘ఏ’ పడుతుంది. మార్పిడి చేయకపోతే పెద్దవి చిన్నవిగా, చిన్నవి పెద్దవిగా వస్తాయి.

కమడోర్ 64లో సీరియల్ చిప్ లేదు కాబట్టి బిట్లను ప్రాసెసరే లెక్కపెట్టుకోవాలి. రోమ్‌లోని మామూలు రొటీన్లు సెకనుకు 2400 బిట్ల వేగం దాటితే తడబడతాయి. 6551 చిప్ ఉన్న స్విఫ్ట్‌లింక్ కార్ట్రిడ్జ్ దాన్ని 38,400కు చేర్చింది.

ప్రోగ్రామును మోడెమ్‌తో దింపుకోవాలంటే ముందు టెర్మినల్ ప్రోగ్రాము ఉండాలి. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదన్నట్టు! ఇప్పుడు 1,74,848 బైట్ల డిస్క్ ఇమేజ్‌ను ఎస్‌డీ కార్డులో పెట్టి, డిస్క్ డ్రైవ్‌లా పనిచేసే చిన్న పరికరంతో లోడ్ చేస్తున్నారు.