సెకనుకి 30 కోట్ల దెబ్బలు: రియాద్ ఎండలో పాత ప్రాసెసర్

ఓవర్‌క్లాకింగ్ అంటే ప్రాసెసర్‌ని కంపెనీ చెప్పిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం. నాలాగా ఇంగ్లీషు మీడియంలో చదివి, ఇప్పుడు సొంతంగా తెలుగు నేర్చుకునేవాళ్ళ కోసం దీన్ని భజనతో పోలుస్తాను. గుడిలో తాళం వేసే మనిషి వేగం పెంచితే పాడేవాళ్ళు అందుకోవాలి. అందుకోలేకపోతే పాట తప్పుతుంది. ప్రాసెసర్ కూడా తాళం ప్రకారమే పనిచేస్తుంది. 300 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకి 30 కోట్ల దెబ్బలు.

ఈ అలవాటు పాతదే. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ ఏటీ వేగం 6 మెగాహెర్ట్జ్. కొంతమంది అందులో ఉన్న చిన్న క్రిస్టల్ తీసి, వేరేది పెట్టి, 8 మెగాహెర్ట్జ్‌తో నడిపారు. తర్వాత ఐబీఎం ఆ దారి మూసింది. వేగం ఎక్కువగా ఉంటే మెషీన్ మొదలుకాకుండా చేసింది.

బాగా పేరు వచ్చిన కథ 1998 ఆగస్టుది. ఇంటెల్ అప్పుడు కొత్త ప్రాసెసర్లు తెచ్చింది. సెలెరాన్ 300ఏ ధర 149 డాలర్లు, పెంటియమ్ టూ 450 ధర 669 డాలర్లు. సెలెరాన్ మదర్‌బోర్డు తాళం 66. దాన్ని ప్రాసెసర్ నాలుగున్నర రెట్లు చేస్తుంది. ఆ నాలుగున్నరని మార్చలేం. కానీ 66ని 100 చేస్తే 450 వస్తుంది! చాలా చిప్‌లు తట్టుకున్నాయి, అన్నీ కాదు.

ఆ రోజుల్లో నేను రియాద్‌లో ఉద్యోగం చేసేవాణ్ణి. 1999లో సౌదీలో మామూలు ప్రజలకి ఇంటర్నెట్ వచ్చింది. ఊరికి ఫోన్ చేయాలంటే చాలా ఖర్చు. అందుకే మా రూములో నలుగురం కలిసి కొన్న కంప్యూటర్ మాకు ఆటవస్తువు కాదు. ఇంటికి రాసిన ఉత్తరాలు, పంపిన డబ్బుల లెక్కలు, పిల్లల ఫోటోలు అన్నీ అందులోనే.

అక్కడ అసలు సమస్య ఎండ. ఫ్యాన్ ఎంత తిరిగినా చిప్ గది గాలికంటే చల్లబడదు. గాలికంటే 30 డిగ్రీలు ఎక్కువ వేడెక్కే చిప్, 25 డిగ్రీల గదిలో 55 దగ్గర ఉంటుంది. ఏసీ ఆగి గది 40కి చేరితే అదే చిప్ 70కి పోతుంది. దానికి తోడు ఇసుక గాలి వచ్చినప్పుడల్లా ఫ్యాన్‌లో దుమ్ము. వేడెక్కిన చిప్‌లో సిగ్నల్ నెమ్మదిస్తుంది, తాళం మాత్రం ఆగదు. అప్పుడు కంప్యూటర్ ఆగిపోతే అదృష్టమే. ఆగకుండా తప్పు అంకెని డిస్కులో రాసేస్తే ఎవరికీ తెలియదు.

చిప్ మీద ఉన్న అంకె, చెడ్డ రోజున కూడా పనిచేస్తానని ఇచ్చిన మాట. వేగం పెంచేవాళ్ళు ఆ చెడ్డ రోజు కోసం ఉంచిన మిగులునే వాడుకుంటారు. రియాద్‌లో సగం మిగులు ఎండే తినేస్తుంది.

అందుకే మా పద్ధతి ఇది. ముందు ఫైళ్ళకి ఇంకో కాపీ. తర్వాత దుమ్ము దులపడం. వేగం మెట్టుమెట్టుగా పెంచడం. ప్రతి మెట్టు దగ్గరా ప్రైమ్95తో రాత్రంతా లెక్కలు చేయించి, ఒక్క తప్పు వచ్చినా వెనక్కి రావడం. పరీక్ష మధ్యాహ్నం కూడా చేయాలి. వోల్టేజీ జోలికి పోకూడదు: 2.0ని 2.2 చేస్తే వోల్టేజీ పెరిగేది పదో వంతే, వేడి పెరిగేది ఐదో వంతు.

ఈసారి మాటలు: మిగులు అంటే వాడగా ఉండిపోయినది. జోలికి పోకు అంటే ముట్టుకోకు, దూరంగా ఉండు.