పంతులుగారి సెలవు

తెలుగునాట బడికి సెలవు, బడిపంతులుకు సెలవు అన్నవి వేర్వేరు సంగతులుగా విడిపోయింది ఇంగ్లీషువారి హయాంలో. అంతకుముందు పంతులు లేని రోజు బడి లేని రోజే. అసలు సెలవు అన్న మాటకు పాత తెలుగులో అనుమతి, ఆజ్ఞ అనే అర్థాలు ముందు వస్తాయి. పెద్దలు మాట్లాడితే ‘సెలవిచ్చారు’ అంటారు, బయల్దేరేవారు ‘సెలవిప్పించండి’ అని అడుగుతారు. కాబట్టి పంతుళ్ల సెలవు చరిత్రలో ఎన్ని రోజులు అన్నదాని కంటే ఎవరు ఇస్తారు అన్నదే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న.

మొదట ఇచ్చింది పంచాంగం. వేదం చెప్పే చోట పాఠం ఆపవలసిన రోజులను అనధ్యయనాలు అన్నారు. మనుస్మృతి నాలుగో అధ్యాయంలో వీటి జాబితా చాలా పొడుగుంది. ఉరుములు, ధూళివాన, గ్రహణం, ఊళ్లో శవం లేవకపోవడం, ఇవన్నీ పాఠం ఆపడానికి కారణాలే. తిథుల సంగతి మరీ కఠినం. అమావాస్య నాటి పాఠం గురువును, చతుర్దశి నాటిది శిష్యుణ్ణి చెరుపుతుందని, అష్టమి, పౌర్ణమి నాటిది నేర్చిన వేదాన్నే మరపిస్తుందని అందులో ఉంది. పాడ్యమి నాడు చదివితే చదువు చిక్కిపోతుందన్న నమ్మకం రామాయణంలోనే కనిపిస్తుంది. సుందరకాండలో హనుమంతుడు కృశించిన సీతను పోల్చింది పాడ్యమి నాడు చదివేవాడి విద్యతోనే. పక్షానికి నాలుగు చొప్పున నెలకు ఎనిమిది రోజులు ఇలా పోతాయి. చతుర్దశి, పున్నమి లేదా అమావాస్య, పాడ్యమి వరుసగా రావడంతో పక్షానికొకసారి మూడు రోజుల విరామం దొరుకుతుంది. నేటి ఆదివారాల లెక్క కంటే ఇది ఉదారమైనదే. దీనికి తోడు శ్రావణంలో ఉపాకర్మతో మొదలైన వేదాధ్యయనం పుష్యమాసంలో ఉత్సర్జనంతో ముగిసేది. మనువు లెక్కలో అది నాలుగున్నర నెలలు. మిగతా కాలంలో వేదాంగాలు చదువుకునేవారు. తిథి చూసి పాఠం ఆపే పద్ధతి వేదపాఠశాలల్లో ఇంకా పోలేదు.

వీధి బడి ఈ తిథులను కొంత సడలించి తనలో కలుపుకుంది. అరుగు మీదో చెట్టు కిందో నడిచే ఈ బడికి పంతులు ఒక్కడే. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో కలెక్టర్లందరినీ దేశవాళీ బడుల లెక్కలు పంపమన్నాడు. 1826 నాటికి తేలిన మొత్తం, ప్రెసిడెన్సీ అంతటా 12,498 బడులు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో పంపిన నివేదికలో ఆ జిల్లా బడులు 533, వాటిలో తెలుగువి 226. బడి ఉదయం ఆరింటికే మొదలవుతుందని, ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారని, ఆలస్యంగా వచ్చిన కొద్దీ దెబ్బల సంఖ్య పెరుగుతుందని ఆయన రాశాడు. హాజరు పట్టీ లేని కాలంలో హాజరు పద్ధతి అదీ. అయితే అది పిల్లల హాజరే. పంతులు రాకపోతే రాసుకునే పుస్తకం ఏదీ లేదు.

పంతులు ఏ తద్దినానికో వెళ్లవలసి వస్తే పెద్దపిల్లలు చిన్నవాళ్లచేత దిద్దించేవారు. ఆయన ఉన్నప్పుడూ సగం పని వాళ్లదే. ముందు నేర్చినవాడు వెనక ఉన్నవాడికి చెప్పే ఈ ఏర్పాటును క్యాంబెల్ మెచ్చుకున్నాడు, ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేనన్నాడు. అనుకరణకు దారి తీసింది ఆండ్రూ బెల్. మద్రాసు ఎగ్మూరు అనాథబాలుర ఆశ్రమంలో ఈ పద్ధతి నడిపి చూసి, 1797లో దాని మీద పుస్తకం అచ్చువేశాడు. ఇంగ్లండులో దానికి ‘మద్రాసు పద్ధతి’ అన్న పేరే స్థిరపడింది. పంతులు ఒక పూట లేకపోయినా బడి నడవడానికి ఏర్పాటు ఒకటుండేదన్నది గమనించవలసిన సంగతి. తర్వాతి కాలపు బడులు దీన్నే పోగొట్టుకున్నాయి.

వీధి బడి పంతులుకు నెల జీతం నిలకడగా ఉండేది కాదు. పిల్లల ఇళ్ల నుంచి వచ్చే కాసులు, ధాన్యం, పండగ మామూళ్లే ఆధారం. దసరాకు బడి మూసేవారు గాని పంతులుకు విశ్రాంతి లేదు. రంగు కాగితాలు అంటించిన విల్లంబులు పిల్లల చేతికిచ్చి, పద్యాలు పాడిస్తూ ఇల్లిల్లూ తిరిగేవాడు. గృహస్థు పంతులుకు డబ్బో బట్టలో, పిల్లలకు పప్పు బెల్లాలో ఇచ్చి పంపేవాడు. పిల్లలకు ఆటవిడుపైన ఆ పది రోజులే పంతులుకు ఏడాది ఆదాయంలో మేలైన భాగం. జీతంతో కూడిన సెలవు అన్న ఊహకు ఆ ఏర్పాటులో చోటే లేదు.

మిషనరీ బడులతో ఆదివారం వచ్చింది, తర్వాత ప్రభుత్వ బడులకూ అదే నియమమైంది. నిజాం రాజ్యంలో మాత్రం వారపు సెలవు శుక్రవారం. ఎండాకాలపు సెలవులు, క్రిస్మస్ సెలవులు దసరా, సంక్రాంతి సెలవుల పక్కన చేరాయి. క్రిస్మస్‌కు ఎక్కువ రోజులు మూసే మిషనరీ బడులు దసరాకు తక్కువ రోజులు మూయడం అప్పటి సర్దుబాటుకు మిగిలిన గుర్తు. 1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టం, 1920 నాటి ప్రాథమిక విద్యా చట్టం తర్వాత జీతం ఊరి చేతి నుంచి బోర్డు చేతికి పోతూ వచ్చింది. జీతం ఇచ్చేవాడు మారితే సెలవు ఇచ్చేవాడూ మారతాడు. ఊరి పెద్దకు చెప్పి వెళ్లే రోజులు పోయి, అర్జీ రాసి మంజూరు కోసం చూసే రోజులు వచ్చాయి.

ఆ అర్జీకి ఆధారమైన నిబంధనలు రెండు. 1922 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఫండమెంటల్ రూల్స్ ఒకటి, 1933 నాటి మద్రాసు సెలవు నిబంధనలు రెండోది. ఆంధ్రప్రదేశ్ లీవ్ రూల్స్ పేరు పక్కన ఈనాటికీ 1933 అనే ఉంటుంది. బడిని వీటిలో ‘వెకేషన్ డిపార్ట్‌మెంట్’ అన్నారు. ఎండాకాలంలో ఎలాగూ ఖాళీ కాబట్టి ఉపాధ్యాయుడికి సంపాదిత సెలవు అంతగా అక్కర్లేదన్నది దాని వెనక తర్కం. ప్రభుత్వ కచేరీలో గుమాస్తాకు ఏడాదికి 30 రోజులు జమ అయితే ఉపాధ్యాయుడికి జమ అయ్యేది ఆరు రోజులు. ఎండాకాలంలో ఎన్నికల విధో జనగణనో పడితే ఆ మేరకు సెలవు జమ చేయమని జిల్లా విద్యాధికారి (డీఈవో) ఆఫీసు చుట్టూ తిరగడం ఉపాధ్యాయ సంఘాలకు తరతరాల పని. శాసనమండలిలో పన్నెండో వంతు సభ్యులను ఉపాధ్యాయులే ఎన్నుకునే ఏర్పాటు రాజ్యాంగం 171వ అధికరణంలో ఉంది కాబట్టి, సెలవు జీవోలకు రాజకీయపు బరువూ ఉంటుంది.

బడి నడిచే రోజుల్లో చేతికందేది సీఎల్, అంటే క్యాజువల్ లీవు. అందరు ఉద్యోగుల్లాగే ఏడాదికి 15. దానికి 1965లో ఉపాధ్యాయులకని ఏడు రోజుల ప్రత్యేక సీఎల్ కలిసింది. ఉపాధ్యాయినులకు 1996లో మరో అయిదు చేరాయి. మొత్తం కలిపి వాడుకుంటే 27 రోజులు, అంటే 220 పనిదినాల్లో ఎనిమిదో వంతు. ముందూ వెనకా పడిన ఆదివారాలు, పండగలతో కలిపి ఒక విడతలో పది రోజులు దాటరాదన్నది నియమం. ఇందులో ఒక తమాషా ఉంది. నిబంధనల భాషలో సీఎల్ అసలు సెలవే కాదు. సీఎల్ మీద ఉన్న వ్యక్తి విధుల్లో ఉన్నట్టే లెక్క. తరగతిలో కుర్చీ ఖాళీగా ఉన్నా రికార్డులో పంతులు ఉన్నట్టే.

ఆ ఖాళీ కుర్చీ బరువు తెలిసేది ఏకోపాధ్యాయ పాఠశాలలో. అక్కడ పంతులుకు ఒంట్లో బాగాలేకపోతే ఊళ్లో బడి మూత. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత, 1987లో మొదలైన ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ ప్రతి ప్రాథమిక పాఠశాలకూ రెండో ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలని పెట్టుకుంది. ఆ లక్ష్యం ఇంకా పూర్తి కాలేదు. మండలంలో పక్క బడి టీచరును ‘పని సర్దుబాటు’ కింద పంపడం తప్ప మరో దారి కనిపించదు. అప్పుడు ఆ పక్క బడిలో కుర్చీ ఖాళీ అవుతుంది. 2010లో ప్రసూతి సెలవు 180 రోజులైంది. అది న్యాయమైన ఉత్తర్వు. కాని ఆ ఆరు నెలలూ తరగతి ఎవరు తీసుకోవాలన్నదానికి దీటైన ఏర్పాటు వెంట రాలేదు.

పంతుళ్లు బడికి రారన్న నింద పాతదే అయినా దానికి అంకెలు వచ్చింది ఇటీవలే. 20 రాష్ట్రాల్లో చెప్పకుండా బడులకు వెళ్లి చూసిన ఒక అధ్యయనం 2005లో వెలువడింది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో నూటికి 25 మంది ఉపాధ్యాయులు ఆ సమయానికి లేరని అది తేల్చింది. ఆ అంకె పత్రికల్లో బాగా తిరిగింది. 2017లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఆరు రాష్ట్రాల్లో 619 బడులు చూసి, లేనివారు 18.5 శాతమైనా కారణం లేకుండా మానేసినవారు 2.5 శాతమేనని చెప్పింది. మిగతావారు మంజూరైన సెలవులోనో సర్కారు పనిమీదో ఉన్నారు. లేకపోవడం, ఎగ్గొట్టడం ఒకటి కాదని ఈ రెండో లెక్క చెబుతుంది. మొదటి లెక్క విన్నంతగా రెండోది జనం వినలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే 2005 నుంచి 500 గ్రామీణ పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం నడిపారు. పిల్లల మార్కులను బట్టి ఉపాధ్యాయులకు బోనస్ ఇస్తే మార్కులు పెరిగాయి, గైర్హాజరు మాత్రం తగ్గలేదు. కాంట్రాక్టు ఉపాధ్యాయుల్లో గైర్హాజరు 18 శాతం, రెగ్యులర్ వారిలో 27 శాతం. డబ్బు ఆశ చూపితే సెలవు తగ్గుతుందన్న అంచనా ఇక్కడి బడుల్లోనే తప్పింది. కాంట్రాక్టు వారి హాజరులో ఉద్యోగ భయం పాలు ఎంతో విడిగా ఆలోచించవలసిందే.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం తొలిసారి లెక్కను పిల్లల వైపు నుంచి మొదలుపెట్టింది. అయిదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది దాకా 220 ఉండాలంది. ఉపాధ్యాయుడు క్రమం తప్పక సమయానికి రావాలని 24వ సెక్షన్ చెప్పింది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప వేరే పనులకు ఆయన్ను పంపరాదని 27వ సెక్షన్ చెప్పింది. ఆ మినహాయింపుల తలుపు వెడల్పయినదే.

2022లో ఆంధ్రప్రదేశ్ ఉపాధ్యాయుల హాజరును ఫోన్‌లో ముఖం చూపి నమోదు చేసే యాప్‌కు మార్చింది. సిగ్నల్ లేని ఊళ్ల మాటేమిటని, సొంత ఫోన్ ఎందుకు వాడాలని సంఘాలు నిలదీశాయి. క్యాంబెల్ చూసిన బడిలో ఆలస్యంగా వచ్చిన పిల్లవాడికి పడిన లెక్క, రెండు వందల ఏళ్లకు పంతులు దాకా వచ్చిందన్నమాట. యాప్ వచ్చినా సీఎల్ లెక్క మాత్రం పాతదే. బడి సంవత్సరం జూన్‌లో మొదలై ఏప్రిల్‌లో ముగుస్తుంది. సీఎల్ ఖాతా జనవరి 1న తెరుచుకుంటుంది, అప్పటికి వాడని రోజులు డిసెంబరు 31తో చెల్లిపోతాయి. కొత్త ఖాతా తెరిచిన మూడో నెలలోనే, మార్చిలో, పదో తరగతి పరీక్షలు.